వేలిముద్ర చేప

సవొన్‌లిన్నాలో సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది.
పాల అట్టపెట్టెలో ప్లాస్టర్ పోసి
తౌనో అచ్చు తీశాడు.

మొదటి చేప గట్టిపడనే లేదు,
మట్టిలో గంధకం ఉందట,
మూడు రోజులైనా జిడ్డు వదల్లేదు.
రెండోదాని కడుపునిండా బుడగలు.
ఈసారి మైనంతో చెక్కి, ఎత్తునుంచి
దారప్పోగులా పోశాడు,
ఊపిరి బిగబట్టి.

పొద్దున విప్పితే
జున్నుముక్కలా వణికింది.
పొలుసులు, మొప్పలు, తోక అంచు,
పక్కన ఓ బొటనవేలి ముద్ర.
కూతురు సైమిది. వద్దన్నా మైనం ముట్టుకుంది.

సిలికాన్‌కి ఏది చేపో ఏది పొరపాటో తెలీదు.

కోసేద్దామని కత్తి తీసి, మళ్లీ మూశాడు.

మరుసటేడు మేలో
పైక్ చేప ఒకటి కొట్టి వదిలేసింది.
సుడిగీతల మీద నాలుగు పంటిగాట్లు.
సైమి తన వేలు ఆనించి చూసుకుంది.
పట్టలేదు.