తొంభై ఏడు

తొంభై ఆరు దాకా నేను నేనే.
తొంభై ఏడు కాడ
అక్షరాలు పైకి తేలినయి.

తేలడమంటే ఏందో మీకు చెప్పాల.
రామతీర్థం కాడ రొయ్యల గుంటల్లో
తెల్లారుజాము మూడింటప్పుడు నీళ్లలో గాలి అయిపోద్ది.
అడుగున మసలాల్సినవి గట్టువారకొచ్చి
మీసాలు బయట పెడతయి.
అరవవు, ఎగరవు.
ఊరంతా నిద్రపోతా ఉండగా
ఆ చప్పుడు లేకపోవడాన్ని వినే ఉద్యోగం
మా నాయన పెంచలయ్యది.

ఇక్కడ చప్పుడుకేం తక్కువ లేదు.
ఏసీ గురక. అరవై మౌసులు
ఒక్కసారే పళ్లు కొరుకుతున్నట్టు.
పక్కసీటు పిల్లోడి మోకాలు బల్లకు తాళమేస్తా ఉండాది.
పొద్దున గేటు కాడ కమ్మలు తీయించినారు,
ఉత్త చెవులకు చల్లగాలి సూదిలా తగలతా ఉండాది.
కుడిచేతి మూల గడియారం వెనక్కి నడుస్తా ఉండాది:
గంటా రెండు నిమిషాలు.

'గరుకు వాలుతలంపై ఒక దిమ్మె జారుచున్నది.'
ఒకసారి చదివితే ఫిజిక్సు.
రెండోసారి తెలుగు.
మూడోసారి తెర మీద నల్లచీమలు.
నాలుగోసారి ఆ దిమ్మె
పట్టుబడి నాడు లారీ చెక్క మీంచి జారే ఐసు దిమ్మయింది.
ఐసు వెనకాలే సేటు వచ్చినాడు, కాటా వచ్చింది,
ముప్పై కౌంటు వస్తుందనుకున్న సరుకు
యాభై కాడ ఆగిపోయింది.
ఓనరు మొహం, నాయన జీతం, నా కోచింగు రెండో కంతు,
అన్నీ ఒక్క తట్టలో.
కౌంటంటే కిలోకెన్ని తూగుతాయనే లెక్క,
అంకె చిన్నదైతేనే రేటు.
ర్యాంకూ అంతే కదా అని నవ్వొచ్చి
ఆ నవ్వుకు ఇంకో నిమిషం పోయింది.

'ఆగావా, పోయావ్' అనేవాడు కోచింగులో సుధీర్ సారు.
'సెకనుకు వెయ్యిమంది నిన్ను దాటిపోతారు.'
అందుకే ఆగకుండా
ఉన్న సూత్రాలన్నీ చల్లినా తొంభై ఏడు మీద,
గుప్పిళ్లతో.
ఒక్కటీ నోరు తెరవలా.

పోయిన వేసంగిలో కొత్త కుర్రోడు మస్తాను
తేలిన రొయ్యల్ని చూసి
ఆకలేమోనని తట్టెడు మేత చల్లబోయినాడు.
నాయన చెయ్యి పట్టుకున్నాడు.
'ఆకలి కాదురా అబ్బయా. ఊపిరి.'
పోయి ఏరేటరు వేసినాడు.
గట్టు మీద కూచుని టార్చి ఆర్పేసినాడు.
'మాటిమాటికీ లైటేస్తే బెదురుతయి.
దిగేటప్పుడు అవే దిగుతయి.'

మౌసు మీంచి చెయ్యి తీసినా.
కళ్లు మూసినా.
గడియారాన్ని కూడా ఆర్పేసినా.
ఎక్కడో నాలుగు రెక్కలు నీళ్లు చరుస్తా ఉండయి,
నురగ, ఉప్పు, డీజిలు వాసన.
పది ఊపిర్లు. ఇరవై.
'పాపా, నిద్రొస్తుందా?' ఇన్విజిలేటరమ్మ.
లేదు మేడం, ఇంజిను వేసుండాది, అనలా.
తలూపినా.

ఒక్కోటీ దిగినయి.
అన్నీ కాదు.
తొంభై ఏడుకు ఊదారంగు పూసి వదిలేసి
తొంభై ఎనిమిదికి పోయినా. లోలకం. అది తెలుసు.
నూట ముప్పై ఒకటి కాడ మళ్లీ తేలినయి.
మళ్లీ వేసినా.
రాత్రికి రెండుసార్లు వెయ్యని గుంట ఉంటదా?

బయట గోడ నీడలో
టీవీఎస్ సీటు మీద తల పెట్టి నాయన నిద్ర.
రాత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చినాడు.
లేపలా.
పది నిమిషాలు నేనే కాపలా.

పెన్న బ్రిడ్జి దాటతా ఉంటే, నడిమధ్యన,
దిమ్మె దానంతటదే జారింది.
ఆప్షను మూడు.
నేను చివరి నిమిషంలో నొక్కింది రెండు.
'ఏంది మ్మే, నవ్వతా ఉండావు?' అన్నాడు అద్దంలో చూసి.
గాలికి వినపడనట్టు
ఆయన వీపుకు చెంప ఆనించినా.