ఆరడుగులు

చలికాలం వచ్చిందంటే
మా ఇంట్ల రెండు మంకీక్యాపులు, ఒక ఫ్లాస్కు
బీరువా మీదికెళ్ళి కిందికి దిగుతయి.

సముద్రం చూద్దామనే మొదలుపెట్టినం, నిజానికి.
సూర్యలంక దాకా పోయి
పుష్యమాసంల కూడా వెచ్చగుండే ఇసుకల కూసుందామని.
కాజీపేటల బయలెల్లి
ములుగు దాటినంక నా నడుము ఒప్పుకోలే,
తాడ్వాయి అడివిల ఆయన మోకాలు ఒప్పుకోలే.
ఏటూరునాగారం కాడ గోదారి కనబడ్డది.
"ఇవీ నీళ్ళే గదా" అన్న.
"ఇదీ ఒడ్డే" అన్నడు.
అయిదు చలికాలాలాయె,
మా సముద్రం మంగపేట దాటలే.

సారంగపాణి ముప్పై నాలుగేండ్లు రైలు నడిపిండు.
రైలుకు సొంతంగ పక్కకు తిరుగుడు తెల్వది.
అందుకేనేమో ఇప్పుడు
ఏ డొంక కనబడ్డా హ్యాండిల్ తిప్పుతడు.
ఎవలదో చేన్లకు పోయి, గట్టు కాడ ఆగి,
"దారి లేదు విమలా" అని
లాటరీ తగిలినట్టు నవ్వుతడు.

ఇంజన్ల ఇద్దరుంటరు.
సిగ్నల్ కనబడంగనే ఒకలు పైకి చెప్పాలె,
ఇంకొకలు అదే మాట తిరిగి అనాలె.
ఆ అలవాటు పోలే.
"ఎడమకు బర్రె!" అంటడు ముందట.
"ఎడమకు బర్రె" అంట నేను ఎనుక.
"గుంత!"
"గుంత."
"మిర్చి ట్రాక్టర్!"
"మిర్చి ట్రాక్టర్."
టెలిఫోన్ ఎక్స్చేంజిల ఇరవై ఎనిమిదేండ్లు
ఎవలెవలి మాటలో కలిపినదాన్ని,
ఇగో, ఇప్పుడు
జానెడు దూరానికి ఒక లైను.

మొన్న మాఘమాసంల,
మంగపేట ఇంక నాలుగు కిలోమీటర్లుందనంగ,
రోడ్డుకు రెండు దిక్కుల కల్లాల నిండ మిర్చి ఆరబోసిన్రు.
గాలే ఎర్రగ వాసనొస్తది.
ఇద్దరం తుమ్ముకుంట, నవ్వుకుంట పోతున్నం.
మేకపిల్ల ఎంట ఒక పదేండ్ల పోరడు
పట్టా చాటుకెళ్ళి రోడ్డు మీదికి ఉరికిండు.
ఆయన చెప్పలే. నేను చెప్పలే.

బండి ఆగింది.

పోరడు మేకపిల్లను సంకల పెట్టుకొని
మమ్ముల ఒకపారి చూసి అవుతలి చేన్లకు పోయిండు.
వానికేం తెల్వది.

ఈయన దిగిండు. స్టాండు వెయ్యలే, బండి నేనే పట్టుకున్న.
టైరు గీత మొదలైన కాడికి నడిచిండు.
అక్కడికెళ్ళి అడుగు మీద అడుగు పెట్టి కొలుసుకుంట వచ్చిండు.
మళ్ళ పోయిండు. మళ్ళ కొలిసిండు.
"ఆరడుగులే, విమలా."

తొంభై తొమ్మిదిల ఒక తెల్లారుగట్ల
డ్యూటీ దిగొచ్చి, బూట్లు ఇడువకుండ
నల్లా కింద శానాసేపు చేతులు కడిగిండు.
నేనేం అడగలే.
డైరీల ఒక కిలోమీటరు రాయి నంబరు రాసుకున్నడు,
పక్కన ఇంకేం లేదు.
అది నేను చూసిన్నని ఇప్పటికీ ఆయనకు తెల్వది.
నిండు గూడ్సుకు బ్రేకేస్తే
ఆగటానికి కిలోమీటరు గావాలెనట.
ఆ కిలోమీటరంత హారన్ మీద చెయ్యి పెట్టి
కండ్లు తెరుసుకొని కూసోవాలె.
ఇది ఆయన చెప్పింది గాదు,
వాళ్ళ అసిస్టెంటు పెండ్లాం చెప్పింది.

గోదారి ఇసుక
పొద్దెక్కినంక అప్పుడే ఇస్త్రీ చేసిన బట్ట లెక్కుంటది.
చీలమండల దాకా కాళ్ళు పూడ్సుకొని కూసున్నడు.
ఫ్లాస్కు మూతల చాయ్ పోసిచ్చిన.
ఆయన చెయ్యి వణకలే.
నాదే వణికింది.
జొన్నరొట్టె తినలే, కాకులకేసిండు,
కాకులు రొట్టె కన్న కారం ఎక్కువ తిన్నయి,
అది చూసి జరంత నవ్విండు.

తిరిగొచ్చేటప్పుడు తాడ్వాయిల మంచు దిగింది.
లైటు ముందల పది గజాలే ప్రపంచం.
మాటా లేదు, పలుకూ లేదు.
"కుడికి కోతులు" అన్న, నేనే.
శానాసేపటికి,
గాలికి సగం పోంగ మిగిలింది వినబడ్డది,
"...కోతులు."