కౌంటు

కిలోకి ముప్పై తూగితే ఒక రేటు,
నలభై తూగితే ఇంకో రేటు.
వంద తూగిన రోజు గుంట రైతు
ఎవరి మొహమూ చూడడు.
ఏరేటరు చిమ్మే నీళ్ళ కల్లా చూస్తా
బీడీ కోసం జేబులు తడుముకుంటాడు.
బీడీ చెవి మీదే ఉంటది.

నా పని కౌంటు చూడడం.
విడవలూరు అవతల, ఉప్పుగాలి కొట్టే కట్ట మీద,
పట్టుబడి రాత్రి వల పైకి రాంగానే
ట్రేలోంచి ఒక కిలో తూకమేసి
బల్ల మీద ఒక్కో రొయ్యా పక్కకి జరపతా
పైకి లెక్క చెప్పాల.
ఈ పక్క రైతు, ఆ పక్క కంపెనీ కుర్రోడు.
ఇద్దరి కళ్ళూ నా నోటి మీద.

మా నాయన ఈ నేల మీదే వడ్లు కొలిచేవాడు.
అప్పుడు మొలగొలుకులు.
కుంచం నింపి, తల కొట్టి,
మొదటి కుంచానికి ఒకటి అనడు.
"లాభం" అంటాడు.
తరవాతే రెండు, మూడు.
ఏడు దగ్గిరికొస్తే గొంతు తగ్గించి
"ఆరున్నొక్కటి" అంటాడు.
రాశి ముందర ఏడుపు మాట ఎందుకని.
పుట్టి నిండేదాకా
ఆ కళ్ళంలో చెడ్డ మాట పడేది కాదు.
అప్పులోడు మాత్రం గోతాలు చంకన పెట్టుకోని
ముందే వచ్చి కూర్చోనుండేవాడు.

ఇప్పుడు రేటు రాత్రి పదకొండుకి ఫోన్లో వస్తది.
పేరు పలకరాని ఊర్లో ఎవురో పన్ను పెంచారంట.
తెల్లారేసరికి ఇక్కడ
మేత కొట్టు పామంజి కోటయ్య
అరువు పుస్తకం మూసేశాడు.

పోయినేడు ఒక కంటైనరు
కృష్ణపట్నం దాకా తిరిగొచ్చింది.
ఏదో మందు ఆనవాలంట.
చిటికెడు గాదు, చిటికెడులో కోటో వంతంట.
అందరూ తిట్టుకున్నారు.
నాకు మాత్రం
ఆ కోటో వంతుని లెక్కబెట్టినామెని
ఒకసారి చూడాలనిపించింది.
ఆమెకీ నాకు మాదిరే నడుం నొప్పులుంటయ్యా?

మొన్న నెల్లూరు హోటల్లో పెద్ద మీటింగంట.
కొత్త దేశాలు వెతుకుతుండారంట.
సూపర్‌వైజరు తామస్ వచ్చి చెప్పాడు:
గోడ మీద పటమేసి, పైన 'అవకాశాలు' అని రాసి
పది దేశాలకి బాణాలు గీశారు.
అన్నీ మన కాడ్నించే బయల్దేరినయ్యి.
బాణం మొనలన్నిటికీ పేర్లుండయ్యంట.
మొదట్లో ఉన్నది ఒట్టి చుక్కంట.

ఆ చుక్క మీదకే నిన్న రాత్రి
తెల్ల బూట్లేసుకోని ఒక దొర దిగాడు.
కొనేవాడంట. మంచి మనిషే,
దోమలు కుడతన్నా నవ్వతానే ఉన్నాడు.
కటారి చెంచురామయ్య కౌలు గుంట.
రెండు పంటలు తెల్లమచ్చకి పొయ్యి
ఇది మూడోది.

కిలో తూగింది. మొదటి రొయ్య జరిపా.
ఎందుకొచ్చిందో నోటికి,
"లాభం" అన్నా.
కంపెనీ కుర్రోడు కిసుక్కుమన్నాడు.
చెంచురామయ్య తలెత్తాడు.
దొర ఏందని అడిగితే
తామస్ తన భాషలో చెప్పాడు, ఒకటి అని.
ఆరున్నొక్కటికి ఏడని చెప్పాడు.
తప్పు చెప్పలా.

ముప్పై తొమ్మిది.

కుర్రోడు రాసుకున్నాడు.
చెంచురామయ్య చెవి మీద బీడీ తీసి
వెలిగించకుండా పట్టుకున్నాడు.
దొర ఒక రొయ్య వేలితో ఎత్తి
మీ ఇంట్లో ఎట్టా వండుకుంటారని అడిగించాడు.
మేం నెత్తళ్ళు తింటామయ్యా అన్నా.
తామస్ ఏం చెప్పాడో గానీ
దొర చాలా సంతోషపడ్డాడు.

ఐసు లారీ కట్ట దిగి పోయినాక
బల్ల కడగతా వంగితే
కాలు దగ్గిర తడి మట్టిలో ఒకటి.
నా చేతి కిందనించి ఎప్పుడు జారిందో.
అదీ కలిపితే నలభై.

అటూ ఇటూ చూశా.
తామస్ ఫోన్లో ఉన్నాడు.
నీళ్ళ గొట్టం దాని మీదకి తిప్పి
కాలవ దాకా తోలా,
నోట్లోనే అనుకుంటా, మా నాయన అన్నట్టే,
ఆ మొదటి మాట.