దారం లేని సూది

పొందూరు సంత రోజు. మూడో నంబరు చీటీ.
ముందు పారమ్మ కుడిభుజం లోపలికొచ్చింది,
తర్వాత పారమ్మ.

మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించాను.
పైపైన వెతికితే నాడి దొరకలేదు,
అదిమితే తగిలింది
నూరో నంబరు నూలులా, సన్నగా, బిగువుగా.

నాలుక చాపమన్నాను.
"నొప్పి బుజంలో బావూ, నాలిక్కేటి?"

ఒంట్లో చలీ వేడీ, నిండూ వెలితీ,
వాగులా పారే చీ అనే ప్రాణం...
చీనా గురువు పాఠం అప్పజెబుతుంటే
"సీ అంటావేటి పొద్దున్నే!" అని నవ్వింది.
నా గాజు బుడ్లు చూసి,
"మాయత్త వాతానికి కొమ్ము పెట్టించుకునీది,
ఇదీ అదే."

కుడిభుజానికి ఎడమ పిక్కలో గుచ్చబోతే
సూది వైపు అనుమానంగా చూసింది:
"దారమేదీ?"
నీలోనే ఉంది, ఎక్కడో చిక్కుపడింది అన్నాను.
"సిక్కుకి సూదేటి?
వాలుగ దౌడతో దువ్వీరాదా!"

ఇరవై నిమిషాలు.
గురక.
రాట్నం తిప్పే కుడిచెయ్యి మంచమ్మీద వాలింది.
ఎడంచెయ్యి మాత్రం
లేని ఏకును లాగుతూనే ఉంది.

వారం పాటు రాట్నం ముట్టొద్దని చెప్పాలి.
చిలపల లెక్క శనివారం.

ఇంకో ఐదు నిమిషాలు
లేపలేదు.