కొసరు

నల్ల అట్ట పుస్తకం మొదటి పేజీలో
డెన్‌జిల్ చేతిరాత అలాగే ఉంది.
అద్దె నాలుగు వందల ఎనభై యూరోలు.
చిన్న రొట్టె పదిహేను సెంట్లు. గ్లాసు వైను ఒక యూరో.
ఎండ, ఉచితం.
ఆ చివరి మాట కింద రెండు గీతలు గీశాడు.
కార్న్‌వాల్ వానలో అరవై ఏళ్లు తడిసిన మనిషి మరి.

ఇప్పుడు రాసేది నేను.
పించను పౌండ్లలో బయల్దేరి
సముద్రం దాటేసరికి
వేడినీళ్లలో ఉతికిన ఉన్ని స్వెట్టర్‌లా ముడుచుకుపోతుంది.
జనవరిలో తవీరా వీధులు వెచ్చగానే ఉంటాయి,
ఇల్లు మాత్రం బావి అడుగు.
ఎండ గడప దాకా వస్తుంది, లోపలికి రమ్మంటే రాదు.
గ్యాస్ బండ ముప్ఫై ఒకటి.
చెమ్మ పీల్చే యంత్రం రాత్రంతా గురక పెడుతుంది,
నాకంటే అదే ఎక్కువ తింటుంది.
రెండు జతల మేజోళ్లు తొడుక్కుని, పడక మీద కోటుతో కూర్చుని
ఉచితమైన ఎండకి ఎంతయిందో కూడుతుంటాను.

శనివారం చేపల బజారు.
ఇడాలినా కిలో సార్డీన్లు తూచి
ముల్లు నిలిచాక ఇంకో రెండు వేసేది.
అడక్కుండానే గుప్పెడు కొత్తిమీర,
మనసు బాగుంటే నిమ్మకాయ.
డెన్‌జిల్ పుస్తకంలో కొసరుకి గడి లేదు.
తొమ్మిదేళ్లు అది లెక్కలోకి రాలేదు.

మొన్న శనివారం సరిగ్గా కిలో.
ముల్లు నిలిచింది. ఆమె చెయ్యీ నిలిచింది.
కొత్తిమీర పక్కనే ఉంది. నేను చూశాను.
నేను చూడడం ఆమె చూసింది.
"కట్టకి కూడా డబ్బులే ఇప్పుడు, డోనా లవ్‌డే.
తెల్లారకుండా నాలుగున్నర బస్సుకి వస్తున్నాను.
కొండవైపు తమ్ముడి షెడ్డులో ఉంటున్నాం.
ఇక్కడ ఒక్క గది తొమ్మిది వందలట."

నాకు తెలిసిన కథే.
న్యూలిన్‌లో మా అమ్మ ఇంటికి
లండన్ డాక్టరు ఇచ్చిన ధర విని
వీధి వీధంతా నోరు తెరిచింది.
ఏడాదికి మూడు వారాలు మాత్రం వెలిగే ఆ కిటికీల్ని
ఎన్ని మాటలన్నానో!
వలలు ఆరేసే చోట వాళ్లు పూలకుండీలు పెట్టారు.

నా బాల్కనీలో ఆరు పూలకుండీలున్నాయి.

"మీరెంత కడుతున్నారు?"
పొలుసు గీకుతూ, తలెత్తకుండా అడిగింది.
పాత ఒప్పందం. ఐదు వందల అరవై.
ఎనిమిది వందలన్నాను.
ఆమె పక్కన నిలబడడానికి
ఆ రెండు వందల నలభై చాలుతాయనుకున్నాను.

కత్తి ఒక్క క్షణం ఆగింది.
"మూడో అంతస్తే కదా, పసుపు తలుపు?
వంటింటి కిటికీ చెక్క ఇంకా బిగుసుకుపోతోందా?"

బిగుసుకుపోతోంది.
మేం దిగిన మొదటి చలికాలం నుంచీ మూసే ఉంది.
పగలు కూడా లైటు వేసుకునే వండుతాను.

"గుద్దకండి, విరుగుతుంది.
అడుగున పొడి సబ్బు రుద్ది
రెక్కని కాస్త పైకెత్తి తొయ్యండి.
మా నాన్న అలాగే తెరిచేవాడు."
ఇంకేం అనలేదు.
వెనకాల నిల్చున్న జర్మన్ ఆయనకి పీతలు తూచడం మొదలెట్టింది.

చిల్లర వదిలేసి నడిచాను.
గేటు దాకా పరిగెత్తుకొచ్చి
సెంటు తక్కువ కాకుండా
తడి చేత్తో నా సంచిలో పడేసి వెళ్లింది.

ఇంటికొచ్చి సబ్బు రుద్దాను. రెక్క పైకెత్తాను.
మొదటిసారి కదల్లేదు.
రెండోసారి కీచుమంది.
మూడోసారి
మధ్యాహ్నం రెండున్నర ఎండ
గిన్నెల మీదికి, ఒలవని చేపల మీదికి,
తెరిచి ఉన్న నల్ల పుస్తకం మీదికి
ఎవరినీ అడక్కుండా, చెప్పులు కూడా విడవకుండా
సొంతింటికి వచ్చినట్టు వచ్చేసింది.