పద్దెనిమిది సెకన్లు

జేసీ రోడ్డులో మా షెడ్డుకి
నెత్తిన గుడ్డ చిరిగి వచ్చిందా బండి.
పెరుగు రంగు ఒళ్ళు. పొట్టిది.
దస్తగిరన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి
"కారు కుట్టబోయి గుడ్డ చాలక
జాకెట్టు కుట్టినారబ్బా" అన్నాడు.

తలుపులు రెండే. సీట్లు నాలుగని కాగితంలో ఉంది.
వెనక ఇద్దరు కూర్చోవాలంటే
మోకాళ్ళు ఇంట్లో పెట్టి రావాల.

కప్పుకు మూడు పొరలు.
పైన మెరూన్ కాన్వాసు, నడుమ చప్పుడు తాగే మెత్త,
లోపల బూడిద రంగు లైనింగు.
మడకశిరలో జాకెట్లకు లైనింగు వేసిన చేతులు నావి,
మనిషి భుజం నాకు తెలుసు.
ఈ భుజం వేరే, మూడు మడతలు పడుతుంది.
అరంగుళం ఎక్కువైతే ఇనుప కీలు కొరికేస్తుంది,
అరంగుళం తక్కువైతే గాలి ఈలేస్తుంది.
తొమ్మిది దినాలు కుట్టినా.
వెనకద్దం చుట్టూ కుట్టడమైతే
నిద్రపోయే బిడ్డకు కాటుక పెట్టడమే.

మీట నొక్కితే
కరిచిన పళ్ళు వదిలినట్టు ముందు కొక్కెం వదిలి,
కప్పు వెనక్కి వంగి, డిక్కీలో దూరి పడుకునింది.
ఇంక అక్కడ మిగిలింది రెండు టెంకాయల చోటు.
పద్దెనిమిది సెకన్లు.
దస్తగిరన్న లెక్కపెట్టినాడు, ఉర్దూలో.

బండి కంటి డాక్టరు వనమాలమ్మది.
"ఈల వస్తుందేమో చూద్దాం, ఎక్కండి" అనింది.
ముందర వాళ్ళిద్దరు.
వెనక నేనూ, పనిపిల్లోడు ఓబులేసూ, మా నాలుగు మోకాళ్ళూ.

కస్తూరిబా రోడ్డులో
చెట్లకు లోపలి వైపు ఉంటుందని చూసినా.
బస్సు కిటికీలో ఇన్నేళ్ళూ నాకు దొరికింది మొదళ్ళే.
గులాబి పూలు ఒళ్ళో రాలుతుంటే
ఓబులేసు ఏరి జేబులో పెట్టుకుంటున్నాడు,
బిల్లు అడుగుతారేమోనని అటూ ఇటూ చూసి.

చుక్క.
ఇంకో చుక్క.
డాక్టరమ్మ మీట నొక్కింది. కప్పు సగం లేచి
నమస్కారం పెట్టబోయి పేరు మరిచిపోయినట్టు
ఆగిపోయింది.

డిక్కీలో ఒక తెర ఉంటుంది,
అది సరిగ్గా పరుచుకుంటే తప్ప కప్పు కదలదు.
దాన్ని తోసేసింది నా టిఫిన్ డబ్బా.

వెనక హారన్లు. పక్కన ఆటో ఆయన
టార్పాలిన్ పక్కకు జరిపి, మమ్మల్ని చూసి,
తన రేకు కప్పును రెండుసార్లు తట్టి చూపించినాడు.
ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఓబులేసు దిగినాడు. డబ్బా తీసినాడు. తెర సర్దినాడు.
మళ్ళీ పద్దెనిమిది,
ఈసారి ఎవరూ లెక్కపెట్టలేదు.

కొక్కెం కరుచుకునింది. వాన ఎక్కడో దూరంగా,
పక్కూళ్ళో పడుతున్నట్టు.
నలుగురి ముక్కుల నుంచీ నీళ్ళు కారుతున్నాయి.
నేను మాత్రం తలెత్తి కుట్టు వెంబడే చూస్తా పోయినా,
ఈ మూల నుంచి ఆ మూల దాకా.
లేదు. ఒక్క చుక్క లేదు.
"ఈల కూడా లేదు" అన్నాడు దస్తగిరన్న, గడ్డం పిండుకుంటా.

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసింది.
చీర కొంగు తడి, రుమాలు తడి.
బండి మొత్తానికి పొడిగా ఉన్నది నా లైనింగొక్కటే.
వెనక్కి తిరిగి
"తుడుచుకోనా?" అని అడిగింది,
నన్ను.