లోపలి నట్టు

బంగారుపాళెం పల్పు ఫ్యాక్టరీ వాళ్ళు
మూడొందలకి ఇచ్చేసిన నీలం డ్రమ్ము.
గుడిపాల దాకా ఆటోలో నా ఒళ్ళోనే వచ్చింది.
నాలుగుసార్లు కడిగినా తోతాపురి వాసన పోలేదు.
చీమలకి ఇంకా సీజనే.

అడుగు నుంచి జానెడు పైన బొక్క పెట్టాలంటాడు చెంగల్రాయుడు.
‘మడ్డి కిందనే ఉండిపోవాలక్కా,
కొళాయిలోకి రాకూడదు.’
ఎర్రగా కాల్చిన పైపు ముక్కతో గుచ్చినాడు.
సైకిల్ ట్యూబు కత్తిరించి వాషరు,
మరకి తెల్లటేపు పదమూడు చుట్లు.
పదమూడే ఎందుకో చెప్పడు.

బయట కొళాయి బిగించాలంటే
లోపల నట్టు పట్టుకునే చెయ్యి కావాల.
నా చెయ్యి సగంలోనే ఆగిపోయింది.
దేశమ్మ కూతురు, ఎనిమిదేళ్ళ కామాక్షి,
ఎవరూ అడక్కుండానే
డ్రమ్మును పడుకోబెట్టి దూరేసింది.
లోపల్నుంచి దాని గొంతు
ఎవరో పెద్దామె గొంతులా వచ్చింది:
‘తిప్పు. ఇంకా తిప్పు.
చాలు.’

నాలుగు ఇటుకల మీద నిలబెట్టినాం.
మబ్బు ఎనిమిది నాళ్ళు వచ్చి, చూసి,
రాయవేలూరు పక్కకి తిరిగిపోయింది.
తొమ్మిదో రాత్రి
రేకుల మీద ఎవరో
మూటలు విప్పి చెనిక్కాయలు కుమ్మరించినట్టు.

తెల్లారి కామాక్షి వచ్చి
డ్రమ్ము మీద కొట్టి చెవి ఆనించింది.
పెద్దామె పలకలేదు.
గొంతు దాకా నీళ్ళు.
కొళాయి తిప్పితే చెంబులో
సన్నంగా మామిడి.

నిండుకుండ తొణకదంటారు గానీ
మాది వాషరు పక్కన
ఊపిరికొక చుక్క కారస్తా ఉండాది.
చెంగల్రాయుడికి ఫోన్ చెయ్యలేదు.
కరేపాకు మొక్కని
దాని కిందికి జరిపినా.